తేలిక అంటే ఎన్ని కేజీలు?



మిరప నారు గురించి రాయమని చాలామంది అడిగారు. అది వచ్చే పోస్టులో రాస్తాను. ఈసారి బాస్ గిటార్ గురించి. "ఈయనకేమైంది, పొలం వదిలేసి గిటార్ పట్టుకున్నాడు" అనుకోకండి. కాస్త ఓపిగ్గా చదవండి. ఇదంతా కాటా దగ్గర జరిగే కథే. వాడిన బాస్ గిటార్‌ని ఫోనులో ఫొటో పెట్టి అమ్మేటప్పుడు దాని బరువు ఎట్లా రాయాలి అన్నది సంగతి. కాటా దగ్గర నష్టపోయినవాళ్లకి ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ముందు బాస్ గిటార్ అంటే ఏందో చెప్తాను. మామూలు గిటార్‌కి ఆరు సన్న తీగలుంటాయి. దీనికి నాలుగు లావు తీగలు, కొన్నిటికి అయిదు. మెడ పొడుగ్గా ఉంటుంది. పెళ్లి ఆర్కెస్ట్రాలో, చర్చిలో పాటల టీములో ఒక మూల నిలబడి ఒకతను దీన్ని వాయిస్తా ఉంటాడు. అతని వంక ఎవరూ చూడరు. ఇళయరాజా పాటలు వింటుంటే పాట కింద ఒక లావు శబ్దం నడుస్తా ఉంటుంది గదా, అదే బాస్. అది ఆపేసి వినండి, పాట డొల్లగా అయిపోతుంది.

మా అక్క కొడుకు అది వాయిస్తాడు. 20 ఏళ్ల నుంచీ అదే బతుకు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లి ఆర్కెస్ట్రా, ఆదివారం చర్చి. ఒక్కో పెళ్లికి నాలుగు గంటలు నిలబడాలి. గిటార్‌కి బెల్టు ఉంటుంది, దాన్ని ఎడమ భుజం మీద వేసుకోవాలి. బరువంతా ఆ ఒక్క భుజం మీదే.

మూడేళ్ల కిందట వాడు ఒక వాడిన బాస్ కొన్నాడు. అయిదు తీగలది. అమ్మినాయన వేరే రాష్ట్రంలో ఉంటాడు. ఫొటోలు బాగున్నాయి. కింద "చాలా తేలిక, రోజంతా వేసుకున్నా అలుపు రాదు" అని రాసి ఉంది. 34,000 పంపించాడు. పెట్టె వచ్చింది. విప్పి ఎత్తగానే వాడికి అర్థమైపోయింది. పక్కనున్న కిరాణా కొట్లో తూయిస్తే 4 కేజీల 860 గ్రాములు. ఫోను చేస్తే ఆయన "నాకైతే తేలిగ్గానే ఉండేది సార్" అన్నాడు. ఆ మాటకి ఏం చేస్తాం? అబద్ధమని నిరూపించలేం, నిజమని ఒప్పుకోలేం.

రెండు సీజన్లు అట్లాగే లాగాడు. తర్వాత ఎడమ భుజం పట్టేసింది. పొద్దున్నే చెయ్యి పైకి లేవదు, చొక్కా వేసుకోవాలంటే పెళ్లాం సాయం పట్టాలి. డాక్టరు బరువు తగ్గించమన్నాడు. అందుకని ఈ ఏడు దీన్ని అమ్మేసి తేలికది కొందామని నిర్ణయించుకున్నాడు. అదే నెలలో వాళ్ల పాప ఇంటర్ ఫీజు కట్టాలి. అంటే వచ్చే ప్రతి వెయ్యికీ లెక్క ఉంది.

మా ఇంటి వసారాలో కూర్చుని ఫోనులో ప్రకటన రాస్తున్నాడు. ఏం రాశావురా అని అడిగితే చదివి వినిపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆఖర్న "లైట్ వెయిట్" అని ఉంది.

"ఎన్ని కేజీలురా అది?"

"నాలుగు ఎనిమిది వందల అరవై."

"అది తేలికేనా?"

"కాదు మావయ్యా. తేలికైతే ఎందుకు అమ్ముతాను?"

"మరి అట్లా రాశావేందిరా?"

"నాకు అమ్మినోడు నిజం చెప్పలా. నేను మాత్రం ఎందుకు చెప్పాలి? తేలికని పెడితే 30,000 వస్తయి. ఉన్న బరువు రాస్తే పాతికకి అడుగుతారు. ఆ అయిదు వేలు పాప ఫీజుకి."

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. అయిదు వేలు చిన్న మొత్తం కాదు. నీతులు చెప్పడం తేలికే, ఫీజు కట్టేది వాడు. అందుకని నీతి చెప్పలేదు. ధాన్యం కాటా గుర్తు చేశాను.

మన ధాన్యం అమ్ముకోవడానికి పోతాం. కొనేవాడు గుప్పెడు తీసుకుని అరచేతిలో నలిపి "తేమ ఎక్కువుంది" అంటాడు. ఎంత ఎక్కువ? చెప్పడు. "తాలు కనపడతా ఉంది" అంటాడు. ఎంత తాలు? చెప్పడు. బస్తాకి ఇంత తరుగు అని మాత్రం చెప్తాడు. ప్రభుత్వం ధాన్యానికి పెట్టిన తేమ హద్దు 17 శాతం. మీటరు తెచ్చి పెట్టి 16 చూపిస్తే ఇంక తడి అనే మాటకి విలువ లేదు. 19 చూపిస్తే మనమే ఇంటికి తెచ్చి ఇంకో రోజు ఆరబెట్టుకుంటాం, గొడవే లేదు. కొత్త గోనెసంచి బరువు 580 గ్రాములు. అంత తీసేస్తే న్యాయం. "సంచి బరువు" అని నోటిమాటగా చెప్పి కేజీ తీసేవాళ్లని నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. అంకె చెప్పకుండా మాట చెప్పారంటే ఆ మాటలో ఎక్కడో మన గింజలు రాలిపోతా ఉంటాయి.

"'తేమ ఎక్కువుంది' అన్న మాటకీ నీ 'లైట్ వెయిట్'కీ తేడా ఏముందిరా?" అన్నాను. వాడు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి ప్రకటన పెట్టనూ లేదు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. తేలిక అనేది ఎవరికి తేలిక? మనం 16 లీటర్ల స్ప్రేయర్ నిండా మందు నీళ్లు పోసి వీపున వేసుకుంటే నీళ్లే 16 కేజీలు, పంపు బరువు అదనం. అట్లా ఎకరం తిరిగినవాడికి 5 కేజీల గిటార్ ఆటబొమ్మ. స్ప్రేయర్‌కి రెండు బెల్టులుంటాయి, ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ బరువు తగ్గుతుంది. గిటార్ ఒక్క భుజం మీద వేలాడుతుంది, నాలుగు గంటలైనా గ్రాము తగ్గదు. కూర్చుని వాయించేవాడికి అదే గిటార్ తొడ మీద ఉంటుంది, బరువే తెలియదు. కాబట్టి తేలిక అన్న మాట అమ్మేవాడి భుజం గురించి చెప్తుందే గాని గిటార్ గురించి చెప్పదు. కొనేవాడికి కావాల్సింది గిటార్ సంగతి.

మామూలుగా వాయించేవాళ్ల లెక్క ఇట్లా ఉంటుంది. 3 కేజీల 600 దగ్గర ఉంటే తేలిక. 4 నుంచి 4న్నర మధ్యరకం. 4న్నర దాటితే బరువు. 5 దాటితే బాగా బరువు. తేలికకీ బరువుకీ మధ్య ఉన్నది ఒక్క కేజీ. ఆ కేజీ చేత్తో ఎత్తితే తెలియదు, నాలుగో గంటలో తెలుస్తుంది.

"ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ అని రాస్తే చాలదా, బరువు తెలిసిపోదా?" అని మీకు అనుమానం రావచ్చు. తెలియదు. ఎందుకంటే అది చెక్క. ఒకే మోడల్, ఒకే ఏడు తయారైన రెండు గిటార్ల మధ్య అర కేజీ తేడా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మనకి ఇది వింత కాదు. ఒకే చేలో ఒకే విత్తనం వేసినా కాలవ పక్క మడి ఒక రకంగా, మెరక మడి ఒక రకంగా పండుతుంది. చెట్టు కూడా అంతే.

దీనికి అమెరికాలో ఒక కథ ఉంది. రైతులకి నచ్చే కథే. కరెంటు బాస్ గిటార్‌ని ప్రపంచమంతా వాడేట్టు చేసింది కాలిఫోర్నియాలోని లియో ఫెండర్. 1951లో ప్రెసిషన్ బాస్ అని తెచ్చాడు. అంతకుముందు బాస్ అంటే మనిషంత ఎత్తు పెద్ద వాయిద్యం. దాన్ని నేల మీద నిలబెట్టి వాయించాలి, మోసుకుపోవడం గగనం. ఫెండర్ దాన్ని భుజానికి తగిలించుకునేట్టు చేశాడు. మొదట్లో దాని ఒళ్లు యాష్ అనే చెట్టు చెక్కతో చేసేవాళ్లు. 1956 ప్రాంతంలో ఎక్కువభాగం ఆల్డర్ అనే చెక్కకి మారారు.

ఈ యాష్‌లో రెండు రకాలు. చలి ప్రాంతంలో మెరక నేలల్లో పెరిగేది గట్టిగా, బరువుగా ఉంటుంది. దక్షిణాన మిసిసిపీ నది పల్లపు నేలల్లో, ఏడాదిలో కొన్నాళ్లు నీళ్లు నిలిచే చోట పెరిగేది తేలిగ్గా ఉంటుంది. అందులోనూ మొదలు దగ్గర, నీళ్లలో నానే భాగం ఇంకా తేలిక. దీన్ని స్వాంప్ యాష్ అంటారు, అంటే చిత్తడి నేల యాష్ అన్నమాట. గిటార్లకి అందరూ కోరుకునేది ఇదే. 1970ల్లో వచ్చిన యాష్ గిటార్లు చాలావాటికి బరువని పేరు. కంపెనీ అదే, బొమ్మ అదే, చెక్క వేరు.

తర్వాత ఆ చెట్టుకి పురుగు పట్టింది. ఆసియా తూర్పు దేశాల నుంచి వచ్చిన పచ్చటి పెంకుపురుగు అది. 2002లో మిషిగన్ రాష్ట్రంలో దాన్ని గుర్తించారు. మన మామిడిలో కాండం తొలిచే పురుగు లాంటిదే. దీని పిల్ల పురుగు బెరడు కింద చేరి తింటుంది. చెట్టుకి నీళ్లు, ఆహారం పారే దారి తెగిపోతుంది, కొన్నేళ్లకి నిలువునా ఎండిపోతుంది. అమెరికాలో కోట్ల యాష్ చెట్లు అట్లా పోయాయి. దానికి తోడు మిసిసిపీ వరదలు ఎక్కువ రోజులు నిలవడంతో చెట్టు కొట్టి బయటికి తేవడమే కష్టమైంది. 2020లో ఫెండర్ కంపెనీ తన మామూలు గిటార్లలో చాలావాటికి యాష్ వాడకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పురుగూ వరదా కలిస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. ప్రకటనల్లో "బాస్‌వుడ్" అని కనపడుతుంది. అది చూసి బాస్ గిటార్ కోసం ప్రత్యేకంగా వాడే చెక్క అనుకుంటారు కొందరు. కాదు. అది ఒక చెట్టు పేరు. మెత్తటి, తేలికైన చెక్క. రెండు పేర్లూ కలిశాయి, అంతే.

చెక్క ఇంత మారుతుంది కాబట్టే అమెరికాలో స్వీట్‌వాటర్ అనే పెద్ద దుకాణం వాళ్లు గిటార్లని విడివిడిగా తూచి, ఒక్కోదాని ఫొటో, సీరియల్ నంబరు పక్కన దాని బరువు పెడతారు. మోడల్ బరువు కాదు, ఆ ఒక్క గిటార్ బరువు. కొత్త సరుకు అమ్మేవాళ్లే అంత చేస్తుంటే పాతది అమ్మేవాడు చెయ్యకపోతే ఎట్లా?

మా వాడు కొనాలనుకున్న తేలిక గిటార్ కోసం అమెరికా ప్రకటనలు చూస్తా ఉన్నాడు. మా ఊరి కుర్రాడొకడు అక్కడ చదువుకుంటున్నాడు, సెలవులకి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. అక్కడ తూకం పౌండ్లలో ఉంటుంది. పౌండంటే సుమారు 454 గ్రాములు. పౌండుకి 16 ఔన్సులు. తిరకాసు అక్కడే ఉంది. ఒకాయన 8.5 పౌండ్లు అని రాస్తాడు. అంటే ఎనిమిదిన్నర పౌండ్లు, 8 పౌండ్ల 8 ఔన్సులు. ఇంకొకాయన 8 పౌండ్ల 5 ఔన్సులని తూచి దాన్నే 8.5 అని రాసేస్తాడు. ఒకటి 3 కేజీల 860, రెండోది 3 కేజీల 770. అక్కడికి తొంభై గ్రాములే. 9.10 అని రాస్తే చూడండి. దాన్ని 9 పౌండ్ల 10 ఔన్సులు అనుకుంటే 4 కేజీల 370 దగ్గర. చుక్క లెక్కన చదివితే 4 కేజీల 130. దాదాపు పావు కేజీ తేడా.

మన పెద్దవాళ్లు వీశలు, పలాల్లో తూచిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. వీశకి 40 పలాలు. ఏడు వీశల అయిదు పలాలు వేరు, ఏడున్నర వీశలు వేరు. అర వీశంటే 20 పలాలు. మా నాన్న కేజీల తూకం వచ్చిన కొత్తలో బెల్లం కొట్టు ముందు వేళ్లు మడిచి లెక్కలు కట్టేవాడు. అందుకని అమెరికా ప్రకటన చూసేవాళ్లకి నా సలహా ఒకటే. చుక్క కనపడితే "పౌండ్లు ఎన్ని, ఔన్సులు ఎన్ని, విడివిడిగా చెప్పండి" అని అడగండి. కాటా మీద అంకె కనపడేట్టు ఫొటో అడగండి.

ఇక తూచే పద్ధతికి వస్తాను. రెండు రోజుల తర్వాత మా వాడే వచ్చి "సరే మావయ్యా, ఉన్న బరువే రాద్దాం, సరిగ్గా తూద్దాం పట్టు" అన్నాడు. కిరాణా కొట్టు తూకం మూడేళ్ల కిందటిది, ఆ తర్వాత తీగలు మార్చాడు. అందుకే మళ్లీ తూయాలి.

చాలామంది చేసేది మనిషి నిలబడే కాటా మీద గిటార్ పట్టుకుని ఎక్కడం, తర్వాత ఖాళీగా ఎక్కడం, తేడా తియ్యడం. అది పనికొస్తుంది గాని అలాంటి కాటా మామూలుగా 100 గ్రాముల మెట్టులో చూపిస్తుంది. రెండుసార్లు ఎక్కితే రెండుసార్లూ తప్పు కలవచ్చు. ఇంకోటి దొరక్కపోతే మూడుసార్లు ఎక్కి చూసుకోండి, "సుమారుగా" అని రాయండి. పాత ఇనుము కొనేవాళ్లు వాడే కొక్కెం కాటా దీనికి బాగుంటుంది. 10 గ్రాముల మెట్టులో చూపిస్తుంది. మా ఇంట్లో ఉన్నది అదే.

కాటాని ముందు పరీక్షించాలి. విప్పని కేజీ ఉప్పు ప్యాకెట్లు అయిదు సంచిలో వేసి తగిలించాం. సంచి ముందే విడిగా తూచిపెట్టుకున్నాం. కాటా 5 కేజీల 40 చూపించింది, సంచి 30, ప్యాకెట్ల కవర్లు కలిపితే సరిపోయింది. వెనకటి రోజుల్లో తక్కెడ ఒక పక్కకి మొగ్గితే పాసంగం కట్టి సరిచేసేవాళ్లు గదా, ఇదీ అట్లాంటిదే. తర్వాత గిటార్‌కి బెల్టు తీసేశాం, సంచి తీసేశాం, వైరు తీసేశాం. దాని కడుపులో 9 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది 45 గ్రాముల దాకా తూగుతుంది. అది లేకుండా ఆ గిటార్ పలకదు కాబట్టి ఉంచాం, ఉంచామని రాశాం. మెత్తటి తాడు రెండు చోట్ల కట్టి తగిలించాం. మూడుసార్లు తూచాం. 4 కేజీల 860, 4 కేజీల 850, మళ్లీ 860. తాడు బరువు 10 గ్రాముల మెట్టుకి అందలేదు. ఎక్కువ చూపించిందే రాయమన్నాను. కొనేవాడి ఇంట్లో తూచినప్పుడు తగ్గితే ఎవరూ ఫోను చెయ్యరు.

ఒట్టి బరువు రాస్తే సరిపోదు. బరువు ఎక్కడుందో కూడా రాయాలి. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది తెలుసు. బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. ముందుకి ఎక్కువైతే మెడలు కుంగుతాయి. అవే బస్తాలు ఇరుసు మీద సర్దితే ఎడ్లు హాయిగా నడుస్తాయి. బాస్ గిటార్‌కి మెడ పొడుగు, మెడ చివర తీగలు బిగించే ఇనప కీలు. ఒళ్లు తేలికైతే మెడ బరువై తల కిందికి జారుతుంది. వాయించేవాడు ఎడమచేత్తో వాయించడమే కాకుండా దాన్ని ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు 3 కేజీల 700 కూడా మణికట్టు విరుస్తుంది. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ అనే అమెరికా ఆయన తల తీసేసి, కీలని ఒంటి వైపు పెట్టి ఒక బాస్ చేశాడు. కొందరు తేలిక కీలు కొని మార్చుకుంటారు. పరీక్ష సులువు. బెల్టు వేసుకుని నిలబడి రెండు చేతులూ వదిలెయ్యండి. తల జారితే జారుతుందని రాయండి, నిలబడితే నిలబడుతుందని రాయండి. మా వాడిది నిలబడింది. బరువైనా దాని మంచి గుణం అది. నిజం రాయడమంటే చెడ్డ సంగతులే రాయడం కాదు, ఉన్న మంచి గుణం కూడా రాయాలి.

మూడోది రవాణా బరువు. ఇది చాలామందికి దెబ్బ కొడుతుంది. కొరియరు వాళ్లు ఒట్టి బరువు మీద డబ్బు తీసుకోరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5000తో భాగిస్తారు. అసలు బరువుకీ దీనికీ ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. మా పెట్టె 125, 40, 15. గుణిస్తే 75,000. భాగిస్తే 15 కేజీలు. లోపలున్న గిటార్ అయిదు కేజీలు కూడా లేదు, కట్టాల్సింది పదిహేను కేజీలకి. గడ్డిమోపు బస్సు మీద వేస్తే బరువుకి కాదు, ఆక్రమించిన చోటుకి డబ్బులు అడిగినట్టు. కాబట్టి గిటార్ బరువు, సంచితో బరువు, పెట్టె కొలతలు మూడూ విడివిడిగా రాయాలి. గట్టి పెట్టెతో కలిపి 9 కేజీలని ఒకడు రాస్తే, అది గిటార్ బరువనుకుని ఇంకొకడు హడలిపోతాడు.

చివరికి మేం పెట్టిన ప్రకటనలో బరువు ముక్క ఇది. కావాలంటే వాడుకోండి:

"బరువు 4 కేజీల 860 గ్రాములు. బెల్టు, సంచి లేకుండా, బ్యాటరీతో. కొక్కెం కాటా మీద తూచాం, ఫొటో పెట్టాం. బెల్టు వేసుకుని చేతులు వదిలితే తల కిందికి జారదు. నిలబడి గంటలు వాయించేవాళ్లకి బరువు అనిపిస్తుంది, నా భుజం నొప్పి వల్లే అమ్ముతున్నాను. సంచి విడిగా 1 కేజీ 300. పెట్టె 125, 40, 15 సెంటీమీటర్లు."

ఏమైందో ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి వారం ఇద్దరే ఫోను చేశారు. అందులో ఒకడు ఖమ్మం వైపు ఆర్కెస్ట్రా కుర్రాడు, పాతికేళ్లుండవు. "అన్నా, నాకు నడుం నొప్పి ఉంది, 4 దాటితే నా వల్ల కాదు, ఫొటో చూసి ఆశపడ్డాను" అన్నాడు. ఫోను పెట్టేశాక మా వాడు చాలాసేపు గిటార్ వంక చూస్తా కూర్చున్నాడు. "తేలికని పెట్టుంటే ఈపాటికి వాడు డబ్బులు పంపేవాడు మావయ్యా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

రెండో వారం ఎవరూ లేరు. ఫీజు గడువు వచ్చింది. తక్కువపడింది నేను సర్దాను. మూడో వారం విశాఖ నుంచి ఒకాయన చేశాడు. ఇంట్లో కూర్చుని రికార్డింగులు చేసుకుంటాడట, బరువుతో పని లేదన్నాడు. అయినా బేరం మాత్రం బరువు మీదే ఆడాడు. "బరువెక్కువని మీరే రాశారు గదా, తగ్గించండి" అన్నాడు. 26,500కి తెగింది. మా వాడు అనుకున్నదానికి 3,500 తక్కువ. నిజం రాసినందుకు ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు. అట్లా ఇస్తారని నేను ఇక్కడ రాస్తే మీరు నమ్మకండి. పోయినవి 3,500. బదులుగా, అమ్మాక విశాఖ నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు. మూడేళ్ల కిందట మా వాడు చేసిన ఫోను లాంటిది ఇంకొకడు మా వాడికి చెయ్యలేదు.

తేలికది కూడా వచ్చింది. అమెరికాలో అమ్మినాయన ఎవరో మాకు తెలియదు. కాటా మీద గిటార్ పెట్టి అంకె కనపడేట్టు ఫొటో పెట్టాడు. 8 పౌండ్ల 3 ఔన్సులు, అంటే 3 కేజీల 714. మా కొక్కెం కాటా మీద 3 కేజీల 710 చూపించింది. అంత దూరం వచ్చినా అంకె మారలేదు. దాన్ని "తేలిక" అని రాసి ఉంటే ఆ మాటని మేం ఏ కాటా మీద తూచుకునేవాళ్లం?

ఇప్పుడు మన సంగతి. మనం కొనేటప్పుడు అంకెలు అడుగుతాం. యూరియా బస్తా 50 కేజీల నుంచి 45 అయినప్పుడు ఆ అయిదు కేజీల గురించి ఎంత మాట్లాడుకున్నాం! కానీ మన ఊళ్లలో గేదెని అమ్మేటప్పుడు "బాగా ఇస్తుంది" అంటారు. పూటకి ఎన్ని లీటర్లు, ఎన్నో ఈత, ఈని ఎన్ని నెలలైంది అంటే నసుగుతారు. పాత ట్రాక్టరుకి "తక్కువే తిరిగింది" అంటారు, గంటల మీటరు ఫొటో పెట్టరు. పాత స్ప్రేయరుకి "బ్యాటరీ బాగుంది" అంటారు, ఒక చార్జింగుకి ఎన్ని ట్యాంకులు కొడుతుందో చెప్పరు. కొనేవాడు కూడా మనలాంటి రైతే. వాడి ఇంట్లోనూ ఏదో ఒక ఫీజు గడువు ఉంటుంది.

ఈ పేజీలో పాత సామాను అమ్మకానికి పెట్టేవాళ్లు ఇకనుంచి ఒక పని చెయ్యండి. బాగుంది, తేలిక, తక్కువే అన్న మాటలు రాసుకుంటే రాసుకోండి. వాటి పక్కన ఒక అంకె, ఆ అంకె ఎట్లా వచ్చిందో ఒక ముక్క, మీటరుదో కాటాదో ఒక ఫొటో పెట్టండి. కొక్కెం కాటా కావాల్సినవాళ్లు మా ఇంటికి రండి, ఇస్తాను. ఉప్పు ప్యాకెట్లు మాత్రం మీవే తెచ్చుకోండి.

మిరప నారు పోస్టు వచ్చే వారం. ఉంటాను.